జత తప్పిన కత్తులు

కిందటి వారం మనం మిల్లీమీటరును వర్క్‌షాపు గుమ్మంలో నిలబెట్టి వచ్చేశాం. పాపం, ఇంకా అక్కడే ఉన్నాడు. పానా చేతిలోది చేతిలోనే ఉంది. ఎదురుగా ట్రాక్టరు ఆగింది. దాని వెనక ట్రాలీ మీద మొక్కజొన్న కోత మిషను ముందుభాగం, మెకానిక్కులు హెడ్డు అంటారే, అది పడుకోబెట్టి ఉంది. ట్రాక్టరు మీంచి దిగింది స్వయానా అతని చెల్లెలు. పదకొండు నెలలుగా ఆ ఛాయలకు రాని మనిషి.

ఈ వారమే చదవడం మొదలుపెట్టినవాళ్ల కోసం నాలుగు ముక్కలు. మిల్లీమీటరు అసలు పేరు అతని భార్యకు తప్ప ఎవరికీ గుర్తులేదు. బోల్టు బిగించినా, టీలో పంచదార వేసుకున్నా కొలత తప్పడు కాబట్టి ఆ పేరు అంటుకుపోయింది. కోత మిషను మీద అతని చెయ్యి పడితే ఇక వెనక్కి తిరిగి చూసుకోనక్కర్లేదని రైతుల నమ్మకం. అలాంటి మిల్లీమీటరు బాగుచేసి పంపిన మిషనులోనే, కిందటేడు కోతల్లో, ఇరుక్కున్న చొప్పను లాగబోయి చెల్లెలి భర్త కుడిచెయ్యి మణికట్టు దాకా పోగొట్టుకున్నాడు. ఇంజను ఆపకుండా దిగాడు, అంతా తొందరపాటు అని లోకమంతా అంది. చెల్లెలూ అంది. చివరికి చెయ్యి పోగొట్టుకున్న బావ కూడా అదే అన్నాడు. ఆ మాట అననిది ఒక్క మిల్లీమీటరే.

“నమస్కారం” అంది చెల్లెలు.

చిన్నప్పుడు ఇతని జుట్టు పట్టుకుని వీధంతా ఈడ్చిన చెల్లెలు, ఇవాళ వచ్చి నమస్కారం పెట్టింది. మిల్లీమీటరుకు తల కొట్టేసినట్టయింది.

“కత్తులు మార్చాలి. ఇంకో పన్నెండు రోజుల్లో కోత. నీకు తీరిక లేకపోతే చెప్పు, వేరేచోటికి పట్టుకెళ్తా.”

“తీరికే” అన్నాడు. షెడ్డులో అప్పటికే రెండు మిషన్లు పొట్టలు విప్పుకుని పడి ఉన్నాయి. వాటిని చూస్తే ఆ మాట ఎవరూ నమ్మరు. చెల్లెలు వాటి వైపు ఒకసారి చూసి ట్రాలీ తాళ్లు విప్పసాగింది.

ఇద్దరూ కలిసి చైను కప్పీ వేసి హెడ్డును ట్రాలీ మీంచి లేపి స్టాండ్ల మీదికి దించారు. గొలుసు కిర్రుకిర్రుమంటుంటే మాట్లాడక్కర్లేదు కాబట్టి మిల్లీమీటరు కావాలనే నెమ్మదిగా లాగాడు. రేకుల కప్పులో ఒకచోట పగిలిన రేకు బదులు ప్లాస్టిక్కుది వేసి ఉంటుంది. ఆ వెలుగు సరిగ్గా హెడ్డు మీద పడింది. చొప్పను లోపలికి మళ్లించే ఆరు వరసల ముక్కులు, వాటి మధ్య సందుల్లో కిందటేటి చొప్పపొట్టు ఇంకా ఉంది. ఆ రోజు తర్వాత దాన్ని ఎవరూ కడిగినట్టు లేదు.

“ఈసారి ఎవరు నడుపుతారు?” అని అడిగాడు, అడక్కపోతే బాగోదని.

“నేనే. ఆయన పక్కన కూర్చుని చెప్తాడు. రెండు నెలలుగా నేర్చుకుంటున్నా. మొదట్లో గేటు స్తంభం పడగొట్టాను. ఇప్పుడు నేను వస్తుంటే మిగిలిన స్తంభం తనే పక్కకి జరుగుతోంది.”

పాత రోజులైతే ఇద్దరూ పగలబడి నవ్వేవాళ్లు. మిల్లీమీటరు పెదవులు కదిలాయి గానీ నవ్వు రాలేదు. చెల్లెలు కూడా చెప్పాల్సిన జోకు అలవాటు కొద్దీ చెప్పేసి ఊరుకుంది.

బల్ల మీద పాత గోనెపట్టా పరిచి మూడురకాల కత్తులు వరసగా పెట్టాడు. మూరెడు పొడవు, రెండు వేళ్ల వెడల్పు, అంచు పొడుగునా పదును. కొనేవాళ్లకు ఇలా పరిచి చూపించడం అతనికి ఇష్టమైన పని. దుకాణంలో చీరలు విప్పి చూపేవాడికి ఉండే ఉత్సాహం వచ్చేస్తుంది. ఇవాళ మాత్రం చేతులు బరువుగా కదిలాయి.

“నీకు తెలిసిందే. వరసకి రెండు రోలర్లు. పక్కపక్కనే ఉండి ఎదురెదురుగా తిరుగుతాయి. చొప్ప మధ్యలో పడగానే కిందికి లాగేస్తాయి, కంకి మటుకు పైన పట్టీల దగ్గర ఆగి విరుగుతుంది. లాగేదంతా రోలర్లకి బిగించిన ఈ కత్తులే. రోలరుకి నాలుగు. ఇదిగో, ఇది మొదటిరకం. ఒకదాని కత్తి ఇంకోదాని సందులోకి దూరుతుంది. చొప్పని కొయ్యదు, నలిపి లాగుతుంది. ఎలాగంటే, రెండు చేతుల వేళ్లూ...”

రెండు చేతులూ ఎత్తి వేళ్లలో వేళ్లు దూర్చబోయి, సగంలో ఆగిపోయాడు. చేతులు దించుకుని ప్యాంటుకు తుడుచుకున్నాడు.

“చూపించు అన్నయ్యా. మన ఇద్దరికీ రెండేసి ఉన్నాయిగా” అంది చెల్లెలు. తనే వేళ్లలో వేళ్లు జొనిపి చూపించింది. “ఇలాగేనా?”

“అలాగే” అన్నాడు. “రెండోరకం అంచుకి అంచు ఎదురు పడుతుంది. లాగుతూనే కోసేస్తుంది. చేలో మొదళ్లు చిన్న ముక్కలైపోతాయి, తర్వాత దున్నడం సుఖం. కానీ రెండు అంచుల మధ్య సందు కాగితమంత ఉండాలి. ఎక్కువైతే చొప్ప తెగదు, లాగబడదు, పైన ఇరుక్కుంటుంది. మూడోది మామూలు ఇనుము, ఒక్క కోతకి అరిగిపోతుంది. అది నీకు ఇవ్వను.”

ఆమె ఒక్కొక్కటే చేతిలోకి తీసుకుని బరువు చూసింది. బొటనవేలు అంచు మీద అడ్డంగా ఆనించింది, నిలువుగా కాదు. కత్తి పట్టడం తెలిసినవాళ్లు అలాగే చేస్తారు. రెండు నెలల్లో చాలా నేర్చుకుందని మిల్లీమీటరుకు అర్థమైంది.

“మొదళ్లు ముక్కలవనీ, అవకపోనీ. అవన్నీ నాకొద్దు” అంది చివరికి. “నేను కిందికి దిగాల్సిన అవసరం రాని కత్తులు కావాలి.”

మిల్లీమీటరు తల వంచుకుని మొదటిరకం ఆమె వైపు జరిపాడు.

“కానీ ఆయన కిందటేటివే వెయ్యమన్నాడు” అంది. “రెండోరకం. నేను వద్దంటే ఒకటే గోల. ‘మీ అన్నయ్య వేసినవాటిలో లోపం లేదు, లోపమంతా నా చేతిదే’ అంటాడు. నువ్వంటే అంత గురి మరి.”

“అవి వద్దు.”

“ఎందుకు?”

“దొరకడం లేదిప్పుడు.”

చెల్లెలు బల్ల మీదున్న రెండోరకం కత్తిని చూసింది. తర్వాత గోడవార పేర్చిన పెట్టెల్ని చూసింది. నాలుగు పెట్టెల మీద అదే కత్తి బొమ్మ ఉంది. తర్వాత అన్నయ్యను చూసింది. అబద్ధం ఆడటంలో మిల్లీమీటరు చిన్నప్పటి నుంచీ మొద్దే. చెవులు ఎర్రబడతాయి.

“ఏంటన్నయ్యా?” అంది మెల్లగా. నమస్కారం పెట్టిన గొంతు కాదది. పాత గొంతు. ఆ పాత గొంతు వినకపోయి ఉంటే మిల్లీమీటరు ఇంకో పదకొండు నెలలు నీళ్లు నమిలి గడిపేసేవాడేమో, చెప్పలేం.

“కిందటేడు పెట్టెలో నలభై ఎనిమిది రావాలి. నలభై నాలుగే వచ్చాయి” అన్నాడు.

“అయితే?” అంది.

“మర్నాడే కోత. బావ ఫోను మీద ఫోను. ఐదు వరసలకి పూర్తిగా వేశాను. నాలుగో వరసలో ఎడమ రోలరుకి కొత్తవి వేసి, కుడిదానికి పాతవే ఉంచేశాను.”

“జత మార్చకుండానా?”

“మార్చకుండానే. పాతవి మూడు మిల్లీమీటర్లు అరిగి ఉన్నాయి.”

కత్తులు ఎప్పుడు మార్చినా జతగానే మార్చాలి. ఒకవైపు కొత్తది, ఇంకోవైపు అరిగినది ఉంటే సందు పెరిగిపోతుంది. చొప్పను ఒకటి పట్టుకుంటుంది, రెండోది జారవిడుస్తుంది. పని నేర్చుకోవడానికి వచ్చినవాడికి మొదటిరోజే చెప్పే మాట అది. ఆ షెడ్డులో ఆ మాట ఎన్నివందల సార్లు చెప్పాడో మిల్లీమీటరుకే తెలియదు.

“మిగతా నాలుగూ రెండ్రోజుల్లో పంపిస్తామన్నారు. రాగానే చేలోకొచ్చి వేసేద్దామనుకున్నా.”

“మరి రాలేదా?”

“మూడోరోజు వచ్చాయి. నేను వేరే ఇంజను విప్పుకుని కూర్చున్నా. ఇవాళ కాదు రేపు, రేపు కాదు ఎల్లుండి అనుకున్నా. ఐదోరోజు...”

ఐదోరోజు సంగతి చెప్పక్కర్లేదు. అతను వెళ్లి, అటక మీద గ్రీజు డబ్బాల వెనక నుంచి అట్ట చుట్టిన పొట్లం ఒకటి తీశాడు. అంటించిన టేపు అంటించినట్టే ఉంది. పారెయ్యడానికి ప్రాణం ఒప్పక, ఇంకొకరి మిషనుకు వెయ్యడానికి మనసొప్పక అలా ఉంచేశాడు. తెచ్చి ఆమె ముందు పెట్టాడు.

“ఆయనకి చెప్పావా? నాలుగో వరస ఇలా ఉందని?”

“లేదు.”

“ఒక్క మాట చెప్తే చూసుకుని నడిపేవాడు కదన్నయ్యా. నెమ్మదిగా పోయేవాడు. నీకు తెలుసు కదా అది.”

“తెలుసు.”

“మరెందుకు చెప్పలేదు?”

మిల్లీమీటరు ఈ ప్రశ్నకు జవాబు పదకొండు నెలలుగా వెతుకుతున్నాడు. గొప్ప కారణం ఏదైనా దొరుకుతుందేమోనని చూశాడు. దొరకలేదు.

“నవ్వుతాడనుకున్నా” అన్నాడు. “మిల్లీమీటరుకే జత తప్పిందా అని నవ్వుతాడనుకున్నా. ఇరవయ్యేళ్ల నుంచి నన్ను ఆటపట్టించడానికి సందు కోసం చూస్తున్నాడు. నా అంతట నేను ఆ సందు ఇవ్వడమెందుకని ఊరుకున్నా. అంతే. ఇంకేం లేదు.”

అంత చిన్న కారణం. చెప్పేశాక షెడ్డులో అది మరీ చిన్నదిగా వినిపించింది. ఆమె ఒంటికాలి మీద లేస్తుందని, పానా తీసి మొహాన కొడుతుందని అతను ఎదురుచూశాడు. కొడితే బాగుండునని కూడా అనుకున్నాడు. ఆమె బల్ల పక్కనున్న పాత టైరు మీద కూర్చుండిపోయింది.

“ఆరోజు ఆయన ఆరుసార్లు దిగాడు” అంది. “నేను గట్టు మీదే ఉన్నా. ఐదుసార్లు ఇంజను ఆపి దిగాడు. అప్పటికే ఎండ నెత్తి మీదికొచ్చింది, నేనే అరిచాను, ఇలాగైతే సాయంత్రానికి సగం కూడా అవదు అని. ఆరోసారి ఆపలేదు.”

ఈ సంగతి మిల్లీమీటరుకు తెలియదు. ఎవరికీ తెలియదు.

“నేను అరిచిన సంగతి ఎక్కడా చెప్పుకోలేక, ఆయన్ని తిట్టాను. పదకొండు నెలలు. నీకు ఒళ్లు తెలియదు, నీకు తొందర, నీ చెయ్యి నువ్వే తీసుకున్నావు అని. ముద్ద నోట్లో పెడుతూ కూడా తిట్టాను అన్నయ్యా. తల వంచుకుని తినేవాడు. ఒక్కసారి కూడా ఎదురు చెప్పలేదు.”

కళ్లు తుడుచుకోబోయి, చేతులకు గ్రీజు ఉందని గుర్తొచ్చి మోచేత్తో తుడుచుకుంది. తన తప్పు తన ఒక్కడి ఛాతీ మీదే కూర్చుందని మిల్లీమీటరు ఇన్నాళ్లూ అనుకున్నాడు. అది రోజూ వెళ్లి చెల్లెలి ఇంట్లో, వాళ్ల కంచం దగ్గర కూడా కూర్చుందని అతనికి తట్టనేలేదు.

“నన్ను తిట్టు” అన్నాడు.

“ఓపిక లేదు. ఉన్నదంతా ఆయన మీదే ఖర్చయిపోయింది.”

బయట రోడ్డు మీద ఏదో లారీ గేరు మార్చుకుంటూ పోయింది. ఆ చప్పుడు పూర్తిగా సద్దుమణిగాక ఆమె లేచింది. పొట్లాన్ని పక్కకు నెట్టి, మొదటిరకం కత్తిని తీసి బల్ల మధ్యలో పెట్టింది.

“ఇవే వెయ్యి. నలిపి లాగేవి. కోసేవి వద్దు. నలభై ఎనిమిదీ నా ఎదురుగా లెక్కపెట్టు. ఒక్కటి తగ్గినా హెడ్డు ఇక్కడే ఉంటుంది, కోత ఆగినా సరే.”

“సరే.”

“సాయంత్రం ఇంటికి రా. నీ మాట ఆయనకి నువ్వే చెప్పుకో. నేను చెప్పుకోవాల్సింది నాకు చాలా ఉంది. కాళ్ల మీద పడి చెప్పుకుంటా. నీదీ నాదీ కలిపి మొయ్యలేను.”

“వస్తాను. ఇప్పుడే రమ్మన్నా వస్తాను.”

“ముందు పని కానీ. నాలుగో వరస మటుకు నేనే విప్పుతా. నువ్వు పక్కన నిలబడి చూడు, చెయ్యి పెట్టకు.”

అతను పానా అందించాడు. ఆమె నాలుగో వరస కింద గోనె పరుచుకుని, ఒక పక్కకు ఒరిగి ఎడమ రోలరు బోల్టులు పట్టింది. బిగింపు పూర్తయ్యాక బోల్టు తల మీంచి కత్తి మీదికి పచ్చరంగు పెయింటుతో ఒక గీత గియ్యడం మిల్లీమీటరు అలవాటు. తర్వాత ఎవరైనా బోల్టు కదిలిస్తే గీత విడిపోయి తెలిసిపోతుంది. ఎడమ రోలరు మీద గీతలు గీసినవి గీసినట్టే ఉన్నాయి. ఆమె నాలుగు కత్తులూ తీసి గోనె మీద పెట్టింది. ఏడాది తుప్పు తప్ప వాటికి ఏమీ కాలేదు.

కుడి రోలరు వైపు తిరిగింది. మొదటి కత్తి ఊడదీసి, చూడకుండానే వెనక్కి, అన్నయ్య చేతికి అందించింది. దాంతోపాటు బోల్టులూ వాషర్లూ అరచేతిలో పడ్డాయి.

పచ్చగీత రెండు ముక్కలై ఉంది. బోల్టు మీద ఒక ముక్క, కత్తి మీద ఇంకెక్కడో ఒక ముక్క. తను బిగించి పంపాక ఎవరో విప్పి మళ్లీ బిగించారు. వాషర్లు చూశాడు. ఒక్కో బోల్టుకు రెండేసి ఉన్నాయి. తను ఎప్పుడూ ఒకటే వేస్తాడు. రెండేసి వేసే మనిషి తనకు తెలిసినంతలో ఒక్కడే ఉన్నాడు. ఎంత బిగించినా అనుమానం తీరని బావ. ఆ అనుమానం మీద తను ఎన్ని జోకులు వేశాడో లెక్కలేదు.

కత్తిని వెలుగులోకి పట్టి తిప్పాడు. అంచు కింది వైపంతా ఏటవాలుగా సన్నటి గీతలు. సాన గీతలు.

రెండోరకం కత్తికి చచ్చినా సాన పట్టకూడదు. దాని అడుగున గాజులాంటి గట్టి పొర ఒకటి పోసి ఉంటుంది. పైనున్న మెత్తటి ఇనుము అరిగేకొద్దీ ఆ పొరే కొత్త పదునుగా తేలుతుంది. సాన పడితే ముందు ఆ పొరే పోతుంది. పూట తిరక్కుండా కత్తి మొద్దుబారుతుంది, ఉన్న సందు ఇంకా పెరుగుతుంది. మెకానిక్కుకు తెలిసిన ఈ సంగతి, కొడవళ్లకూ గొడ్డళ్లకూ సాన పట్టి పెరిగిన రైతుకు ఎలా తెలుస్తుంది?

అంటే జత సంగతి బావకు ముందే తెలుసు. నాలుగో వరస మాటిమాటికీ ఇరుక్కుంటుంటే కిందికి దూరి చూశాడు. జత తప్పిందని కనిపెట్టాడు. ఫోను చేసి నవ్వలేదు. అడిగితే మిల్లీమీటరు చిన్నబుచ్చుకుంటాడనుకున్నాడో, ఇంతమాత్రం తనకూ చేతనవుననుకున్నాడో, గుట్టుగా విప్పి, సాన పట్టి, రెండేసి వాషర్లు వేసి బిగించేశాడు. భార్యకు కూడా చెప్పలేదు. లోపమంతా నా చేతిదే అన్నది ఊరికే అన్న మాట కాదు.

నిజం చెప్పాలంటే మిల్లీమీటరుకు ముందు కలిగింది బాధ కాదు, తేలిక. పదకొండు నెలల బరువులో సగం ఒక్క క్షణంలో దిగిపోయింది. ఈ కత్తి చెల్లెలికి చూపించి ఒక్క మాట చెప్తే చాలు, ఆ సగం ఇంకెవరి నెత్తికో వెళ్లిపోతుంది. ఆ వెంటనే తన మీద తనకే రోత పుట్టింది. చెప్తే, కాళ్ల మీద పడతానన్న ఈ పిల్ల సాయంత్రం మళ్లీ నోరు విప్పి ఆ మనిషి మీద పడుతుంది. తెలిసి తెలిసి చెయ్యి పెట్టావా, నాతో కూడా అనలేదే అని అడుగుతుంది. చెప్పకపోతే? మాట దాస్తే ఏమవుతుందో ఇప్పుడే కదా చూశాడు.

తలెత్తేసరికి గేటు దగ్గర బావ ఉన్నాడు. ఎవరి బండి మీద వచ్చాడో, ఎంతసేపయిందో తెలియదు. ఎడంచేత్తో గేటు పట్టుకుని, కుడి చొక్కా చెయ్యి జేబులోకి దోపుకుని నిలబడ్డాడు. విప్పిన నాలుగో వరసను చూశాడు. మిల్లీమీటరు చేతిలోని కత్తిని చూశాడు. మొహంలో నెత్తురుచుక్క లేదు.

వద్దన్నట్టు తల అడ్డంగా ఊపాడు. కళ్లతో బతిమాలాడు.

చెల్లెలికి గేటు వైపు వీపు. రెండో కత్తి బోల్టు పట్టి, పానా తగిలించబోతూ ఆగి, అన్నయ్య మొహం చూసింది.

“ఏంటన్నయ్యా, అలా అయిపోయావు? ఏముంది ఆ కత్తిలో?”

ఆమె పానా కింద పెట్టి, లేచి నిలబడి, చెయ్యి చాపింది.

“ఇటివ్వు” అంది.